హుసేనమ్మత్త సర్దుకున్న పెట్టె

సోలాపూర్, భవాని పేట్,
నూలు పున్నమి వెళ్లిన మూడో వారం.

విజయక్కకు నీ చెల్లెలు అనసూయ దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ మేం బాగున్నాం. మీ మరిది బాగున్నాడు, లత బాగుంది, నేనూ బాగున్నాను. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ ఎలా ఉన్నారు? మీ అత్తమ్మ దగ్గు తగ్గిందా? బావ మోకాలికి నూనె రాయించుకుంటున్నాడా, లేక ఇంకా మగతనం చూపిస్తూ కుంటుతున్నాడా? బాగున్నాం బాగున్నాం అని అన్నిసార్లు ఎందుకు రాస్తావే అని పోయిన ఉత్తరంలో వెక్కిరించావు. ఒక్కసారి రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి రాస్తున్నాను. నిజంగానే బాగున్నాం.

మీ మరిదికి ఇప్పుడు రాత్రి డ్యూటీ పోయి పగటి పాళీ దొరికింది. టవళ్లు నేసే సాంచెల మీద వేశారు. రోజంతా ఆ మరమగ్గాల చప్పుడులో ఉండి ఉండి, ఇంటికొచ్చాక కూడా అరిచే మాట్లాడుతాడు. "కూరల ఉప్పేసినవా?" అని మెల్లగా అడగవలసిన మాట వీధి చివరికి వినపడుతుంది. పక్క ఖోలీలో ఒక మరాఠీ ఆవిడ కొత్తగా దిగింది. మేమిద్దరం రోజూ కొట్లాడుకుంటున్నామనుకుని పాపం నన్ను ఓదార్చడానికి వచ్చింది. నాకొచ్చిన నాలుగు మరాఠీ ముక్కలతో ఆమెకు నచ్చజెప్పేసరికి చెమటలు పట్టాయి. లతకు ఆ కష్టం లేదు. బడిలో మరాఠీ, గల్లీలో హిందీ, నాతో తెలుగు. మొన్న నన్ను "ఆయీ" అని పిలిచింది. అమ్మా అని పిలిచేదాకా పలకలేదు నేను.

వాన ఒకరోజు పడితే వారం రోజులు ముఖం చాటేస్తుంది. తిండి అంటావా, జొన్నరొట్టె, పల్లీల చట్నీ. మన దగ్గరా జొన్నరొట్టె తిన్నవాళ్లమే గానీ ఈ కారం వేరు. మొదట్లో కళ్లల్లో నీళ్లొచ్చేవి, ఇప్పుడు అది లేకపోతే ముద్ద దిగడం లేదు. మనిషికి దేనికైనా అలవాటవుతుందన్నమాట. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మాత్రం మీరంతా గుర్తొచ్చి, చేతిలో అగ్గిపుల్ల ఆరిపోయేదాకా నిలబడిపోతాను. ఆ కాసేపే. తర్వాత బీడీల చాట ఒళ్లో పెట్టుకుంటే పనిలో పడిపోతాను.

ఇక నువ్వు హుసేనమ్మత్త ఎలా ఉందని అడిగావు. పోయినసారీ అడిగావు, దానికి ముందూ అడిగావు. నేను రెండుసార్లూ ఆ మాట దాటేశాను. ఇప్పుడు రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, తీరికగా చదువుకో.

ఆమె గురించి నీకు తెలియందేముంది. మన వీధిలోనే ఉండేవారు. మగ్గాల వాళ్లు మన ఊరి నుంచి ఇక్కడికొచ్చినప్పుడు, ఆ దూదేకుల ఇంటిని కూడా వెంట తెచ్చుకున్నారు. నూలు పున్నమి నాడు మగ్గానికీ, తలుపుకూ, చేతికీ కట్టే నూలు దూదేకుల వాళ్లు ఏకిన పత్తితోనే వడకాలన్నది మన పద్ధతి కదా, ఆ పద్ధతి కోసం. ఆమె మొగుడు, మన మామ పోయాడు. దూది ఏకే విల్లు మూల పడింది. అయినా ఏటా పండక్కి ముందు గుప్పెడు పత్తి గింజ తీసి, చేత్తోనే విడదీసి, మెత్తగా చేసి ఇచ్చేది అత్త. ఒక్కగానొక్క కొడుకు దస్తగిరి ఫౌజులో చేరాడు. ఎక్కడో మంచుకొండల్లో కాపలా. అత్త మాలాగే బీడీలు చుట్టుకుని బతుకుతుంది. నేనిక్కడికి వచ్చిన కొత్తలో తునికాకు కత్తిరించడం, అంచు మడిచి మూతి మూయడం నేర్పింది ఆమే. మాకీ ఖోలీ ఇప్పించింది కూడా ఆమే.

నిరుడు చలికాలంలో హిందూ ముస్లిం గొడవలైన సంగతి మీకూ తెలుసు. మా చాళీలో, ఈ ఒంటి గదుల వరసలో, ఏమీ కాలేదు. మేం తలుపులు వేసుకుని కూర్చున్నాం, అంతే. గొడవలు చల్లబడ్డాయి గానీ భయం మాత్రం పోలేదు. రాజేశం మామ అని కారఖానాకు ముకద్దం ఉన్నాడు. ఎవరికి ఏ సాంచె ఇవ్వాలో, ఎవరికి ఏ ఖోలీ ఇవ్వాలో సేట్ తరఫున ఆయనే చూస్తాడు. చాళీకి పెద్దమనిషి. చెడ్డవాడు కాడక్కా, అది ముందే చెప్తున్నాను. లతకు జ్వరమొచ్చినప్పుడు సైకిల్ మీద దవాఖానాకు తీసుకెళ్లింది ఆయనే. ఆయన ఎండాకాలంలో మగవాళ్లందరినీ సమాజ్ హాల్లో కూర్చోబెట్టి హుసేనమ్మత్తను పిలిపించాడు. ఆయన ఏమన్నాడో మీ మరిది వచ్చి చెప్పాడు.

"చెల్లె, నిన్ను మేమేమంటలేం. బయట దినాలు మంచిగ లేవు. రేపు ఎవడన్న గల్లీలకొస్తే నిన్ను కాపాడే తాకత్ మాకు లేదు. మీవాళ్లు ఉన్న దిక్కు ఖోలీ చూసుకో. నీ మంచికే చెప్తున్న."

అత్త తలూపిందట. "అట్లనే అన్నా, పండుగ దాంక ఉంటనియ్యి" అందట. అంతే.

నాకు ఒళ్లు మండింది. మీవాళ్లు అంటే ఎవరు? ఆమెకు మరాఠీ రాదు, ఉర్దూ నా అంతే వచ్చు. తిట్టినా దీవించినా మన మాటే. ఆ మాటే మీ మరిదితో అన్నాను. "నువ్వు నోరు మూసుకో, రాజేశం మామ మొఖం దిప్పిండంటె నా సాంచెలు పోతయ్" అన్నాడు. ఆయన అరవకుండా మెల్లగా మాట్లాడింది ఆ ఒక్కరోజే. నోరు మూసుకున్నాను.

అత్త హోట్గి రోడ్డు వైపు ఎవరివో దూరపు చుట్టాల ఇంట్లో ఒక మూల చూసుకుంది. ఇంతలో దస్తగిరికి సెలవు దొరికిందని కబురొచ్చింది. అప్పుడు గుమ్మం గుమ్మానికీ తిరిగింది అక్కా, పొమ్మన్న వాళ్ల గుమ్మాలకే. "నా కొడుకుకు చెప్పకుండ్రి. వాడు ఛుట్టీ అయి పోయినంక నేను సప్పుడు చేయకుండ పోత. మనసుల పెట్టుకొని పోతె వానికి ఆడ నిద్ర పట్టది" అని బతిమాలింది. అందరూ సరేనన్నారు. అందరికీ అదే నయమనిపించింది.

దస్తగిరి వచ్చాడు. గుర్తుందా నీకు, ముక్కు కారుతూ మన గడప మీద కూర్చునేవాడు? ఇప్పుడు తలుపులో వంగి రావాలి. పిల్లలు ఆ బూట్ల చుట్టూ మూగారు. రాజేశం మామ కూడా భుజం తట్టి, "మన చాళీ పేరు నిలబెట్టినవ్ బిడ్డా" అన్నాడు. నేను అక్కడే నల్లా దగ్గర బిందె కడుగుతున్నాను. ఆ బిందెను ఆ రోజు తోమినట్టు ఎప్పుడూ తోమలేదు.

నూలు పున్నమి వచ్చింది. ఈసారి అత్త దగ్గర పత్తి అడగడానికి ఎవరికీ ముఖం చెల్లలేదు. రాజేశం మామ బజారు నుంచి నూలుండ తెప్పించాడు. పొద్దున్నే తలుపు తలుపుకూ కట్టుకుంటూ వచ్చాడు. అత్త తలుపుకూ కట్టాడు. అత్త ఆ పోగును వేళ్ల మధ్య నలిపి చూసి, "మిల్లు నూలా? మంచిదే, తెల్లగున్నది" అంది. మామ పక్క గుమ్మానికి వెళ్లిపోయాడు. దస్తగిరికి అందులో ఏమీ తేడా కనిపించలేదు. వాడు పండగలకు ఇంట్లో ఉండి ఎన్నేళ్లయిందో.

పండగ నాడు సాంచెలన్నీ బంద్. మధ్యాహ్నం సినిమా చూద్దామని పిల్లలు కిరాయికి టీవీ, వీసీఆర్ తెచ్చి సమాజ్ హాల్లో పెట్టారు. ఎండ పడకుండా కిటికీలకు చద్దర్లు మేకులు కొట్టి వేలాడదీశారు. సోలాపూర్‌లో చద్దర్లకు కొదవేముంది చెప్పు. లోపల చీకటి, ఉక్క, తంబాకు వాసన. ముందు పిల్లలు, ఆ వెనక మగవాళ్లు, గోడ పక్కన ఆడవాళ్లం. హుసేనమ్మత్త చాట కూడా వెంట తెచ్చుకుంది. చీకట్లో కూడా చుట్టగలదు ఆమె, చూపు చేతిలోనే ఉంటుంది. దస్తగిరి ఆమెకు ముందు, మీ మరిది నాకు ముందు కూర్చున్నారు.

రాజేశం మామ కొడుకు శ్రీను కాలేజీలో చదువుతాడు. కేసెట్ తెచ్చే పని వాడిది. తెలుగు సినిమా తెస్తానని గొప్పగా చెప్పి, పండగ రోజు దుకాణంలో అన్నీ పోయాయట, మిగిలింది పట్టుకొచ్చాడు. అది ఇంగ్లీషు సినిమా, యుద్ధం సినిమా. అందరూ వాడిని తిట్టారు. "నేను తెలుగుల చెప్త గద, చూడుండ్రి" అన్నాడు. కిరాయి కట్టేశాం, ఇంకేం చేస్తాం, చూశాం.

మొదలే యుద్ధం. కొండ ఎక్కుతున్నారు సిపాయిలు. అందరివీ చిన్న కళ్లు, చదును ముఖాలు. చూడగానే పిల్లలు "చీనోల్లు! చీనోల్లు!" అని అరిచారు. ఎదురుగా ఎవరో తుపాకులు పేల్చగానే ఆ సిపాయిలు ఒక్కొక్కడే కూలిపోతున్నారు. కూలినప్పుడల్లా హాలంతా ఈలలు, చప్పట్లు. మీ మరిది కూడా వేలు నోట్లో పెట్టి ఈల వేశాడు. నేనూ చప్పట్లు కొట్టానక్కా, దాచడమెందుకు.

దస్తగిరి ఒక్కడే కొట్టలేదు. కాసేపు చూసి, "వాళ్లు ఎవరి దిక్కు వాళ్లో చూడుండ్రి గద. వాళ్ల తెల్లాఫీసర్ది గూడ గదే డ్రెస్సు ఉన్నది" అన్నాడు.

అప్పుడు శ్రీను లేచి చేతులు ఊపాడు. "అరె, ఆగుండ్రి, ఆగుండ్రి! వాళ్లు దుష్మన్లు కాదు. సినిమా వాళ్లదే. వాళ్లు అమెరికా ఫౌజ్."

"మొఖాలు చీనోల్లవి గద?" అన్నాడు మీ మరిది.

"చీన్ కాదు, వాళ్ల తాతలు జపాన్ నుంచి వచ్చిండ్రు అన్నా. వీళ్లు పుట్టింది అమెరికాలనే. జపాన్ అమెరికా మీద బాంబులేసింది గద, అప్పటిసంది వీళ్లను గూడ ఆ జపానోల్లనే అంటున్నరు. వీళ్లేమో అమెరికా కోసం కొట్లాడుతున్నరు."

ఈలలు ఆగిపోయాయి. రాజేశం మామ తొడ మీద చరుచుకున్నాడు. "అంటే మన లెక్క! నేను ఈడనే పుట్టిన, మా నాయిన ఈడనే సచ్చిపోయిండు, ఇప్పటికి రేషన్ దుకాణంల 'తుమ్హీ తెలుగు లోక్', మీరు తెలుగోల్లు అనే అంటరు. సోలాపూర్ సగం మనం నేసిన చద్దరే కప్పుకుంటది, మనం మాత్రం బయటోళ్లం" అన్నాడు. అందరూ తలలూపారు. అక్కడి నుంచి సినిమా మాదైపోయింది. కూలిన ప్రతి సిపాయికీ "అయ్యో" అన్నాం.

తర్వాత కథ వెనక్కి పోయింది. ఆ సిపాయిల్లో ఒకడి ఇల్లు. చిన్న కూరగాయల తోట, తల్లి, తండ్రి. ఒకరోజు తుపాకులు పట్టుకున్న వాళ్లు వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నారు. చేత్తో మోసుకోగలిగినంతే తీసుకోవాలట. ఊరవతల ఎక్కడో ముళ్లకంచె కట్టి రేకుల కొట్టాలు వేశారు, ఈ జపాను ముఖాల వాళ్లందరూ అక్కడుండాలి. "మీ మంచికే అంటున్నరు. బయట ఉంటే జనం కొడతరని" అని శ్రీను చెప్పాడు. ఆ మాటకు హాల్లో ఎవరో దగ్గారు. ఎవరో నేను చూడలేదు.

తల్లి పెట్టె సర్దుతోంది. మాటల్లేవు, ఊరికే సర్దడమే. ఒకటి పెడుతుంది, తీస్తుంది, ఇంకొకటి పెడుతుంది. పింగాణీ గిన్నెలు పైన పెట్టింది.

నా పక్కనుంచి హుసేనమ్మత్త, బీడీ చుట్టడం ఆపకుండానే, తన పాటికి తాను అన్నట్టు అంది. "గట్ల కాదమ్మ. గిన్నెలు పైన పెడితె పలుగుతయ్. పాత చీరెల సుట్టి నడుమ పెట్టాలె. నేను గట్లనే పెట్టిన."

దస్తగిరి వెనక్కి తిరిగాడు. "ఎందుకు పెట్టినవ్?"

"ఏంది?"

"పెట్టె ఎందుకు సదిరినవ్ అమ్మా?"

అత్త చేతులు అప్పుడు ఆగాయి. "ఊకెనే. చెదలు పడుతున్నయని" అంది.

వాడు అందరి వైపూ చూశాడు. టీవీ వెలుగులో అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి, ఒక్కరూ వాడి వైపు చూడటం లేదు. ఇంగ్లీషు ముక్క రాని వాళ్లు కూడా అంత శ్రద్ధగా సినిమా చూస్తున్నారు. చివరికి నన్ను చూశాడు. "వదినా, ఖోలీల చెదలు పడుతున్నయా?"

మీ మరిది మోచేత్తో నన్ను పొడిచాడు. సాంచెలు పోతే పోయాయి అనుకున్నాను. "లేదు దస్తగిరీ, చెదలు లేవు" అన్నాను. అంతకంటే ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు.

శ్రీను తెలుగులో చెప్పడం మానేశాడు. సినిమా మాత్రం నడుస్తూనే ఉంది. ఆపుదామని ఎవరూ అనలేదు, ఆపితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవాలి కదా. ఆ కుర్రవాడు సెలవు మీద తల్లిదండ్రుల్ని చూడటానికి ఆ ముళ్లకంచె దగ్గరికి వచ్చాడు. గేటు దగ్గర కాపలా ఉన్నవాడు వీడి సంచీ తెరిచి వెతికాడు. ఇద్దరిదీ ఒకే బట్ట, ఒకే టోపీ. చివరన వాడు యుద్ధంలో పోయాడు. ఒక పెద్ద ఆఫీసరు కారు దిగి, ఆ కొట్టాల మధ్య ఒక్కొక్క తలుపూ తడుతూ ఆ తల్లి ఎక్కడుందో వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. అక్కడ తెలుగులో చెప్పవలసిన పని ఏమీ లేకపోయింది.

దస్తగిరి ఆఖరి దాకా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అయిపోయాక లేచి ఇంటికి వెళ్లాడు. మంచం కింది పెట్టెను గుమ్మం ముందుకు లాగి తాళం తీయమన్నాడు. ఒక్కొక్కటే తీసి ఎక్కడివక్కడ పెట్టడం మొదలుపెట్టాడు. గిన్నెలు గూట్లో, చీరలు దండెం మీద, మామ ఫొటో మేకుకు. "వద్దురా, ఎందుకురా, మల్ల సదురుకునే పని పెడుతున్నవ్" అని అత్త వెంట తిరుగుతోంది. వాడు "ఎవరు పొమ్మన్నరు?" అని అదే అడుగుతూ పోయాడు, చివరికి అత్త రాజేశం మామ పేరు చెప్పేసింది. ఎవరి గుమ్మంలో వాళ్లం నిలబడి చూశాం. సాయం చేద్దామని నాకనిపించింది, గుమ్మం మాత్రం దాటలేదు.

పొద్దుగూకే వేళ నల్లా వచ్చింది. చాళీ అంతా బకెట్లతో అక్కడే ఉంది. రాజేశం మామ తన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. దస్తగిరి వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. మీ మరిది కూడా అదే అనుకుని రెండడుగులు ముందుకేశాడు. వాడు బండి ఎన్ని గంటలకని అడిగినట్టు అడిగాడు.

"మామా, ఫౌజుల మాతోని ముందే చెప్పించుకుంటరు. మాకేమన్నయితే తార్, గదే టెలిగ్రాం, ఏ ఇంటి పత్తాకు కొట్టాలె అని. నేను ఈ ఖోలీ పత్తా ఇచ్చిన. అమ్మ ఈడ ఉండకపోతే తార్ వచ్చి మల్లిపోతది. ఆమెకు ఎన్నటికి తెల్వది. పత్తా మార్చాల్నా, ఉంచాల్నా?"

"గా మాటెందుకు బిడ్డా పండుగ పూట" అన్నాడు మామ.

"మల్ల నేనెప్పుడొస్తనో తెల్వది గద మామా. పొమ్మన్నది నువ్వేనట. నువ్వే చెప్పు."

నల్లా కింద ఎవరిదో బకెట్ నిండి పొర్లుతోంది. కట్టేసే దిక్కు లేదు. రాజేశం మామ మెట్టు మీద వంగి కూర్చుని ఆ నీళ్లనే చూస్తున్నాడు. ఆయన తండ్రిలాంటి మనిషి అక్కా, ఆయన అలా కూర్చుంటే చూడలేకపోయాను. చివరికి, "ఉంచు" అన్నాడు. మళ్లీ ఆగి, "గని ఆమె పేరు మీద ఉంచకు. నా పేరు రాయి. ఎవడో తార్ పట్టుకొచ్చి ఆమె ముంగట నిలబడొద్దు. నాకియ్యనీ. పొమ్మని నేనే చెప్పిన గద, గది గూడ నేనే చెప్త" అన్నాడు.

అప్పుడు హుసేనమ్మత్త మాట వినిపించింది. కొడుకు వెనకే వచ్చి నిలబడిందని మేమెవరం చూడలేదు. "రాయనియ్యి అన్నా, నీ పేరే రాయనియ్యి. గని చెప్పేటప్పుడు నిలబడి చెప్పకు. కూసొని చెప్పు. నిలబడి చెప్పెటోడు జల్ది పోయెటందుకే వచ్చినట్టుంటది."

మామ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త పొర్లుతున్న బకెట్ పక్కకు జరిపి తన బిందె పెట్టుకుంది.

అంతటితో అందరి మనసులూ కడిగినట్టయ్యాయని రాయను. చివరి ఖోలీ వాళ్లు ఇప్పటికీ గొణుగుతున్నారు, రేపు ఏమన్నయితే రాజేశం కాపాడుతాడా అని. ఒకావిడ అత్త దగ్గర కూర్చుని చుట్టడం మానేసి వేరే చోట కూర్చుంటోంది. సేట్ చెవిన పడితే ఏమంటాడో తెలియదు. మీ మరిది సాంచెలు మాత్రం పోలేదు. పోతాయని వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఆ తర్వాతే మొదలుపెట్టాడు, మళ్లీ అరుస్తూ. ఆ అరుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

దస్తగిరి పండగైన మూడో రోజు వెళ్లిపోయాడు. స్టేషన్‌కు అత్త వెళ్లలేదు. గుమ్మంలోనే వాడి తల నిమిరి, లోపలికి వచ్చి చాట ముందు కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. సాయంత్రం దాకా ఇద్దరం చుట్టాం. ఆమె చుట్టిన బీడీల్లో కొన్ని వదులుగా వచ్చాయి. కారఖానాలో తీసి పారేస్తారని నేను వాటిని విప్పి మళ్లీ చుట్టాను. ఆమె చూసి తన చాట నా వైపు జరిపింది.

ఇప్పుడు చాళీలో కొత్త అలవాటు ఒకటి మొదలైంది. పోస్ట్‌మాన్ సైకిల్ గంట వినిపిస్తే చాలు, రాజేశం మామ ఎక్కడున్నా బయటికొస్తాడు. కారఖానాలో ఉంటే ఆ చప్పుడులో గంట వినపడదని, టపా వచ్చే వేళకే పని ఎవరికో అప్పజెప్పి నూనె చేతులతోనే వస్తాడు. పోస్ట్‌మాన్ సంచీలో చెయ్యి పెట్టి తీసేదాకా నిలబడి చూస్తాడు. కార్డయితే ఊపిరి వదిలి, ఎవరిదో చూసి పిల్లల చేత పంపిస్తాడు. నీ పోయిన కార్డు కూడా ఆయన చేతి మీదుగానే వచ్చింది. దాని మీద నూనె మరక ఉంటే నిన్ను తిట్టుకున్నాను, ఆ తర్వాత తెలిసింది. ఆయన లేచినప్పుడల్లా అత్త కూడా చుట్టడం ఆపి, ఆయన ఎటు నడుస్తాడా అని చూస్తుంది. తన మెట్టు మీదికి వెళ్తే మళ్లీ ఆకు అందుకుంటుంది.

అందుకే అక్కా, నీతో ఒక పని. మీ పెద్దమ్మాయి కళకు నెలలు నిండాయి కదా. కానుపు కాగానే తార్ కొట్టిస్తానని బావ అన్నాడట, సంతోషమే. కానీ వద్దని చెప్పు. కొడుకు పుట్టినా కూతురు పుట్టినా కార్డే రాయండి. నాకు ఆలస్యంగా తెలిసినా పరవాలేదు, ఇక్కడ నుంచే పిల్లను తలుచుకుని దీవించుకుంటాను. తార్ వచ్చిందంటే అది ముందు రాజేశం మామ చేతికి వెళ్తుంది. ఇంగ్లీషులో ఉంటుంది, ఆయనకు చదవడం రాదు. శ్రీను కాలేజీ నుంచి వచ్చి చదివిపెట్టేదాకా, దస్తగిరి తారేమో అనుకుని, ఆయన అత్త ఎదురుగా కూర్చుంటాడు.

మీ అత్తమ్మ కాళ్లకు నా దండాలు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెన మా ముగ్గురి మీద ఉండాలి. హుసేనమ్మత్త నిన్ను అడిగిందని రాయమంది. తను బాగున్నానని కూడా రాయమంది.

నీ చెల్లెలు,
అనసూయ